అంగారకుడికి క్యారేజీ

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో టెక్నికల్ సెమినార్ అని ఒకటి ఉంటుందని సీనియర్లకి తెలుసు, జూనియర్లకి తెలియబోతోంది. నేను మెకానికల్. క్రయోజెనిక్ ఇంజన్, తిరిగి దిగే రాకెట్, హీట్ షీల్డ్ లాంటి మంచి టాపిక్కులన్నీ రోల్ నంబర్ ముందున్నవాళ్ళు పట్టుకుపోయారు. నాకు మిగిలింది "దీర్ఘకాల అంతరిక్ష యాత్రల్లో ఆహారం". తిండి గురించే కదా, రెండు రోజుల్లో అయిపోతుంది అనుకున్నా.

అనుకున్నట్టే మొదటి లెక్క పది నిమిషాల్లో వచ్చేసింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక మనిషికి రోజుకి ప్యాకింగ్‌తో కలిపి సుమారు 1.8 కిలోల ఆహారం లెక్కేస్తారు. అంగారకుడి దాకా వెళ్ళి రావడానికి దాదాపు 3 ఏళ్ళు. వెళ్ళడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, రావడానికీ అంతే. భూమి, అంగారకుడు మళ్ళీ అనుకూలమైన చోటికి వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. నలుగురు మనుషులు, 1,095 రోజులు. 1.8 × 4 × 1,095 = 7,884 కిలోలు. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన మంగళ్‌యాన్ బరువు ఇంధనంతో సహా సుమారు 1,340 కిలోలు. అంటే నలుగురి తిండి దాదాపు ఆరు మంగళ్‌యాన్‌లంత. ఈ పోలిక స్లైడ్ మీద వేసినప్పుడు నా మీద నాకే గౌరవం పెరిగింది.

రిహార్సల్‌లో మా గైడ్ మేడమ్ అంతా విని ఒక్కటే అడిగారు. "లెక్క బానే ఉంది. మరి వాళ్ళు తింటారా?"

క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "పంపింది ఎంతో చెప్పావు. కడుపులోకి వెళ్ళేది ఎంతో ఏ స్లైడ్‌లో ఉంది?" అన్నారు.

ఆ ప్రశ్న నాకు వేరేచోట తగిలింది. ఫస్టియర్ మొదటి సెమిస్టర్లో నేను ఆరు కిలోలు తగ్గాను. మా మెస్‌లో తిండి తక్కువేమీ కాదు. అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు ఎంత కావాలంటే అంత పెడతారు. కేలరీలు లెక్కేస్తే మా నాన్నగారు తినేదానికన్నా ఎక్కువే వస్తాయి. కానీ మంగళవారం సొరకాయ, బుధవారం ఉప్మా అని ముందే తెలిసిపోయాక కాళ్ళు అటు కదలవు. దసరా సెలవులకి ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపి "ఏంట్రా, నీకు అక్కడ అన్నం పెట్టట్లేదా?" అంది. పెడుతున్నారమ్మా, నేనే తినట్లేదు అని చెప్పడానికి సిగ్గేసింది.

కాబట్టి సెమినార్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి తూకం నుంచి కాదు, నోటి నుంచి.

అసలు మొదట్లో అంతరిక్షంలో మనిషి మింగగలడా అన్నదే సందేహం. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల ప్రయాణంలో ట్యూబుల్లోంచి మెత్తగా రుబ్బిన మాంసం, చాక్లెట్ సాస్ పిండుకుని తిన్నాడు. టూత్‌పేస్టు ట్యూబు లాంటిదే. మింగుడు పడింది. అన్నవాహిక కండరాలు ముద్దని నెట్టుకుంటూ పోతాయి, గురుత్వాకర్షణ సాయం అక్కర్లేదు. సైన్సు ప్రశ్న అక్కడితో తీరింది. ఆ ట్యూబులు తినాలనిపించట్లేదన్న సమస్య మాత్రం అప్పుడే మొదలైంది.

1965 మార్చి 23న జెమినీ-3లో జాన్ యంగ్ చేసిన పని చూడండి. ఎవరికీ చెప్పకుండా స్పేస్‌సూట్ జేబులో ఒక మాంసం శాండ్‌విచ్ పెట్టుకెళ్ళాడు. పైన తీసి కమాండర్ గ్రిస్సమ్‌కి ఇచ్చాడు. ఆయన ఒక కొరుకు కొరికేసరికి బ్రెడ్ పొడి గాల్లో తేలడం మొదలైంది. గబగబా మళ్ళీ జేబులో పెట్టేశారు. అమెరికా కాంగ్రెస్‌లో దాని మీద ప్రశ్నలు కూడా వచ్చాయి. నవ్వొచ్చే కథే కానీ, తేలే పొడి కళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి, స్విచ్చుల వెనక్కి పోతుంది. కింద పడదు కాబట్టి ఊడ్చడానికీ వీల్లేదు. ఇప్పటికీ అక్కడ ఉప్పు, మిరియాలు ద్రవరూపంలోనే వాడతారు. బ్రెడ్ బదులు టోర్టిల్లా వాడతారు, అంటే మన చపాతీకి దాయాది. దాన్ని 1985లో మెక్సికో వ్యోమగామి రొడోల్ఫో నెరీ వెలా తనకోసం పట్టుకెళ్తే మిగతావాళ్ళకీ నచ్చి అదే అలవాటైపోయింది. అంతమంది శాస్త్రవేత్తలు కూర్చుని కనిపెట్టలేదు, ఒకాయన ఇంటి తిండి తీసుకెళ్ళాడంతే. హాస్టల్‌కి కందిపొడి సీసా తెచ్చుకున్న ప్రతివాడికీ ఇది అర్థమవుతుంది.

ఇక నిల్వ. ఇది మన సబ్జెక్టు కాబట్టి కాస్త ఆగుతాను.

రెండు పద్ధతులు ముఖ్యం. మొదటిది నీరు తీసెయ్యడం. మా నానమ్మ గుమ్మడి వడియాలు డాబా మీద పెట్టేది. ఎండలో నీరు ద్రవంగానే లోపలినుంచి పైకి వచ్చి ఆవిరవుతుంది. వస్తూ వస్తూ పదార్థం గోడల్ని లోపలికి లాక్కుంటుంది. అందుకే వడియం గట్టిగా ముడుచుకుంటుంది, కాగిన నూనెలో వేస్తే గానీ విచ్చుకోదు. అంతరిక్షంలో నూనె మూకుడు పెట్టలేం. అందుకని ఫ్రీజ్ డ్రయింగ్ చేస్తారు. పదార్థాన్ని ముందు గడ్డకట్టించి, తర్వాత పీడనాన్ని 611 పాస్కల్స్ కన్నా కిందికి దించుతారు. ఆ అంకె గుర్తుందా? థర్మోడైనమిక్స్‌లో స్టీమ్ టేబుల్ మొదటి వరుస, నీటి ట్రిపుల్ పాయింట్. దానికన్నా కింద ద్రవం అనే దశే ఉండదు. మంచు నేరుగా ఆవిరైపోతుంది. అది ఉన్న చోటల్లా చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి, ఆకారం చెదరదు. తర్వాత వేడినీళ్ళు పోస్తే ఆ ఖాళీల్లోకి దూరి కొద్ది నిమిషాల్లో కూర మళ్ళీ కూరవుతుంది. ఆ టేబుల్ బట్టీ పట్టినప్పుడు ఇది ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో రెండు మార్కులు వచ్చేవేమో.

రెండోది రిటార్ట్. కూరని అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లో మూసి, ఒత్తిడిలో 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. దీని లక్ష్యం బోట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు. 121 డిగ్రీల దగ్గర దాదాపు 3 నిమిషాలు నిలబెడితే లక్ష కోట్ల బీజాల్లో ఒకటి బతికే అవకాశం మాత్రమే మిగులుతుంది. కానీ ఆ 3 నిమిషాలు ప్యాకెట్ నట్టనడుమ ఉన్న ముద్దకి దక్కాలి. నడుమకి వేడి చేరేలోపు అంచుల్లో ఉన్నది అతిగా ఉడికిపోతుంది. పౌచ్ పలచగా, బల్లపరుపుగా ఉండడానికి కారణం ఇదే. గుండ్రటి డబ్బా అయితే ఇంకా సేపు పడుతుంది. హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్‌లో మనం చేసే అన్‌స్టెడీ కండక్షన్ ప్రయోగం ఇదే, కాకపోతే అక్కడ ఇత్తడి గోళం బదులు పప్పుకూర. బీజంతో పాటు రుచి, రంగు, కొన్ని విటమిన్లు కూడా చస్తాయి. అది ఆ పద్ధతికి కట్టే పన్ను.

ఇక్కడో చిన్న పక్కదారి. 1960లలో నాసాకి తిండి తయారుచేసిన పిల్స్‌బరీ కంపెనీకి ఒక చిక్కొచ్చింది. ఆహారంలో క్రిములు లేవని పరీక్షించాలంటే ప్యాకెట్ చింపాలి. పూర్తిగా నమ్మకం కావాలంటే దాదాపు అన్నీ చింపాలి. అప్పుడిక పంపడానికేం మిగలదు. అందుకని చివర్లో పరీక్షించడం మానేసి, తయారీలో ఎక్కడెక్కడ తప్పు జరగొచ్చో ముందే గుర్తించి అక్కడక్కడ కాపలా పెట్టే పద్ధతి తెచ్చారు. దాని పేరు హెచ్‌ఏసీసీపీ. ఇవాళ మన దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లలో గోడల మీద కనిపించే అక్షరాలు అవే. భీమవరం వైపు వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

మళ్ళీ మేడమ్ ప్రశ్నకొస్తే, ఇంత కష్టపడి దాచిన తిండి పైకెళ్ళాక రుచి మారిపోతుంది. బరువు లేనిచోట శరీరంలోని ద్రవాలు తలవైపు చేరతాయి. మొహం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది. జలుబు చేసినప్పుడు పులిహోర కూడా చప్పగా ఎందుకుంటుందో మనకి తెలుసు. పైగా అక్కడ వేడి గాలి పైకి లేవదు, ఎందుకంటే "పై" అనేదే లేదు. కాబట్టి కూర ఘుమఘుమ దానంతటది ముక్కు దాకా రాదు. చాలామంది వ్యోమగాములు కారం సాస్ ఎక్కువగా అడుగుతారని చెప్పేది ఇందుకే. ఆవకాయ సీసా పైకి పంపమని ఎవరైనా పిటిషన్ పెడితే నేను సంతకం చేస్తా.

గాలి లేవకపోవడం వంటకీ అడ్డమే. 2019 చివర్లో అంతరిక్ష కేంద్రంలో తొలిసారి ఓవెన్ పెట్టి బిస్కెట్లు కాల్చి చూశారు. మొదటిదాన్ని 25 నిమిషాలు ఉంచితే పచ్చిగానే ఉంది. చివరికి సరిగ్గా కాలడానికి రెండు గంటలు, ఆపైన పట్టింది. 2025 నవంబరులో చైనా వాళ్ళు తమ కేంద్రంలో కోడి రెక్కలు కాల్చుకుని తిన్నారు. వీడియోలో వాళ్ళ మొహాలు చూస్తే, కొత్త యంత్రం పనిచేసిన సంతోషం కన్నా ఆదివారం మెస్‌లో చికెన్ పెట్టినప్పటి మా మొహాలే గుర్తొచ్చాయి.

ఇది సరదా విషయం అనుకుంటే పొరపాటు. కక్ష్యలో వ్యోమగాముల ఎముకలు నెలకి ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత కోల్పోతాయి. వ్యాయామం, సరిపడా కేలరీలు, విటమిన్ డి ఉంటేనే దాన్ని ఆపగలరు. ఉప్పు ఎక్కువైతే ఎముకకి ఇంకా చేటు. అందుకే నాసా తొంభై దాకా వంటకాల్లో ఉప్పు తగ్గించి మళ్ళీ తయారుచేసింది. ప్లేటులో వదిలేసిన తిండి ఎముకలోంచి వసూలవుతుందన్నమాట. నేను ఆరు కిలోలు తగ్గితే అమ్మ సున్నుండలు పెట్టి సరిచేసింది. అంగారకుడి మీద దిగి బరువైన సూట్‌తో నడవాల్సిన మనిషికి ఆ సెలవు లేదు.

నిల్వ తరిగితే ఏమవుతుందో 2004 చివర్లో ఒకసారి చూశారు. లెరాయ్ చావ్, సలిజాన్ షరిపోవ్ ఇద్దరే అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. సరుకు లెక్క చూస్తే అనుకున్నదానికన్నా బాగా తక్కువుంది. ముందు బృందం వాళ్ళ నిల్వలోంచి కొంత తినేసింది. ఇద్దరూ కేలరీలు తగ్గించుకుని నెట్టుకొచ్చారు. తర్వాతి సరుకు నౌక రాకపోతే కేంద్రాన్ని వదిలి దిగిపోవాల్సిందే అన్న పరిస్థితి. ప్రోగ్రెస్ నౌక డిసెంబరు 25న చేరింది. మళ్ళీ 2014 అక్టోబరు నుంచి 2015 జూన్ మధ్య మూడు సరుకు నౌకలు పోయాయి, రెండు అమెరికావి, ఒకటి రష్యాది. కేంద్రంలో ముందుజాగ్రత్తగా నిల్వ ఉంది కాబట్టి ఎవరూ పస్తుండలేదు. కానీ ఆ కేంద్రం మన నెత్తిమీద 400 కిలోమీటర్లే, అంటే హైదరాబాద్ నుంచి రాజమండ్రి అంత దూరం. అంగారకుడి దారిలో ఉన్నవాడికి మధ్యలో సరుకు దింపేవాళ్ళు లేరు, దిగిపోయే దారీ లేదు.

ఇంకో చిక్కు వయసు. కొంత తిండిని మనుషులకన్నా ముందే అంగారకుడికి పంపి ఉంచాలనుకుంటే, తయారైన రోజునుంచి తినే రోజుకి 5 ఏళ్ళు కావచ్చు. ప్యాకెట్ చెడిపోదు, తింటే విషం కాదు. కానీ విటమిన్ సి, బి1 నెమ్మదిగా కరిగిపోతూ ఉంటాయి. సి లేకపోతే ఏమవుతుందో వాస్కోడిగామా నావికులు 1498 ప్రాంతంలోనే స్కర్వీతో చచ్చి చూపించారు. మాత్రలు వేసుకోవచ్చు కదా అని మా బెంచ్‌వాడు అడిగాడు. మాత్రలకీ వయసుంటుంది.

అయితే పండించుకోవచ్చు కదా? ఈ ప్రశ్న సెమినార్‌లో తప్పకుండా వస్తుందని తెలుసు కాబట్టి లెక్కతోనే వెళ్ళాను. 2015 ఆగస్టులో స్కాట్ కెల్లీ వాళ్ళు కేంద్రంలోనే పండిన ఎర్ర లెట్యూస్ ఆకులు తిన్నారు. 2021లో మిరపకాయలు పండించి టాకోల్లో వేసుకున్నారు. 2025లో శుభాంశు శుక్లా వెళ్ళినప్పుడు ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఐఐటీ ధార్వాడ్ వాళ్ళ ప్రయోగంగా మెంతులు, పెసలు మొలకెత్తించాడు. ఇవన్నీ విటమిన్‌కి, మనసుకి మంచివే. కడుపు మాత్రం నిండదు.

కడుపు నిండాలంటే గింజ కావాలి. ఒక మనిషికి రోజుకి 2,500 కిలోకేలరీలు అనుకుందాం. అది సగటున దాదాపు 120 వాట్లు, ఒక పాత సీలింగ్ ఫ్యాన్ కన్నా కాస్త ఎక్కువ. మొక్క తనమీద పడ్డ వెలుతురులో 2 శాతాన్ని మనం తినే భాగంగా మారుస్తుందని ఉదారంగా ఒప్పుకున్నా, 6 కిలోవాట్ల వెలుతురు కావాలి. ఎల్ఈడీ కరెంటులో సగాన్ని వెలుతురు చేస్తే 12 కిలోవాట్లు. నలుగురికి 48. ఇది నా సొంత అంచనా, మీరు ఇంకో సామర్థ్యం వేసుకుని చూడొచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొత్తం సౌరఫలకాలు ఇచ్చేదే సుమారు 84 నుంచి 120 కిలోవాట్లు, అదీ సూర్యుడికి దగ్గరగా. అంగారకుడి దగ్గర ఎండ మనకొచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. భూమి మీద మాత్రం చేసి చూశారు. సైబీరియాలో బయోస్-3 అనే మూసిన గదుల్లో 1970లలోనే ముగ్గురు ఆరు నెలలు ఉన్నారు. బీజింగ్‌లో లూనార్ ప్యాలెస్‌లో విద్యార్థులు వంతులవారీగా 370 రోజులు గడిపారు, 2018లో ముగిసింది. విద్యార్థులే ఎందుకు దొరుకుతారో ఇలాంటివాటికి!

ఇక మన సంగతి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సల్యూట్-7కి వెళ్ళినప్పుడు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల వాళ్ళు రవ్వ హల్వా, ఆలూ ఛోలే, వెజ్ పులావ్ చేసి ఇచ్చారు. సైనికులకి సియాచిన్‌లో తినడానికి ప్యాకెట్లు చేసేది వాళ్ళే. రాకేశ్ శర్మ చదువుకున్నది హైదరాబాద్‌లో, నిజాం కాలేజీలో. గగన్‌యాన్‌కి కూడా ఆ మైసూరు ల్యాబే ఇడ్లీ, పెసరపప్పు హల్వా లాంటివి సిద్ధం చేస్తోంది. శుక్లా తనతో క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం తీసుకెళ్ళి తోటివాళ్ళకి పంచానని ప్రధానితో మాట్లాడినప్పుడు చెప్పాడు. నాకు ఆ "పంచాను" అన్న మాట దగ్గర ఆగాలనిపించింది.

ఎందుకంటే 2013లో హవాయి ద్వీపంలో ఒక అగ్నిపర్వతం వాలు మీద ఆరుగురిని నాలుగు నెలలు గుడారం లాంటి ఇంట్లో ఉంచి చేసిన ప్రయోగం ప్రశ్న సరిగ్గా ఇదే. హై-సీస్ అంటారు. వాళ్ళకి ఇచ్చిందంతా పాడవని సరుకే. కొన్ని రోజులు రెడీమేడ్ ప్యాకెట్లు, కొన్ని రోజులు ఆ ఎండు సరుకుతోనే సొంత వంట. వంటకి సమయం, నీరు, కరెంటు ఖర్చవుతాయి. అంతా ఖర్చే అయితే ఇంజనీరు కొట్టేస్తాడు. కానీ రోజూ అదే తిండితో విసిగి తక్కువ తినడాన్ని, వాళ్ళ భాషలో మెనూ ఫెటీగ్‌ని, ఖర్చు పక్కన కూర్చోబెట్టి చూడాలన్నదే వాళ్ళ ఉద్దేశం. మా రూమ్‌మేట్ దొంగచాటుగా ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఉప్మారవ్వ ఉడికించిన రాత్రి నలుగురం ఒకే గిన్నెలో తిన్నాం. మెస్‌లో అదే ఉప్మాని పొద్దున వదిలేసి వచ్చినవాళ్ళమే. (కెటిల్ వార్డెన్ గారి దగ్గరుంది, ఇంకా రాలేదు.)

ఫైనల్ సెమినార్‌లో 7,884 పక్కన ఇంకో గడి పెట్టాను, "తిన్నది" అని. దాన్ని ఎలా నింపుతావని మేడమ్ మళ్ళీ అడిగారు. అంతరిక్ష కేంద్రంలో ట్యాబ్ మీద ఒక యాప్ ఉంది, ప్యాకెట్ బార్‌కోడ్ స్కాన్ చేసి తిన్నది నమోదు చేస్తారు అని చెప్పాను. "నువ్వు ఎప్పుడైనా కొలిచావా?" అన్నారు.

కొలవలేదు. అందుకే తర్వాతి వారం ఇద్దరు జూనియర్లని వెంటేసుకుని, మెస్ చేతులు కడిగే చోటున్న బకెట్లని పూటపూటా కాటా మీద పెట్టాం. ఉప్మా రోజే గెలుస్తుందని పందెం కాశాను, ఓడిపోయాను. అందరికన్నా ఎక్కువ బరువు గురువారం రాత్రిది. ఆ రోజు వంట బానే ఉంది, నేను తిన్నాను కూడా. కాకపోతే వంకాయ కూర వరసగా మూడో పూట. మెస్ బాబాయ్ మా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో వారం కూడా తూచండి బాబూ, ఈసారి నేను కూరల వరస మారుస్తా" అన్నాడు. ఇప్పుడు రెండో వారం నడుస్తోంది.